గాలి కాలం రాకముందే గాలిమర జబ్బు పట్టుకోవడం ఎలా

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఐటీఐ, డిప్లొమా చేసిన పిల్లలు చాలామంది ఇప్పుడు అనంతపురం, కడప, కర్నూలు వైపు విండ్ సైట్లలో పనికి చేరుతున్నారు, కొందరైతే తమిళనాడులో నాగర్‌కోయిల్ పక్కన ముప్పందల్ దాకా పోతున్నారు. చేరిన కొత్తలో వాళ్ళకు గ్రీజు కొట్టడం, బోల్టుల బిగువు (టార్క్) చూడడం, ఫిల్టర్ మార్చడం, అలారం వస్తే రీసెట్ చేయడం నేర్పిస్తారు. ఇవన్నీ కావాల్సినవే. అయితే మెషిన్ ఆగిపోకముందే, ఇదిగో ఈ బేరింగ్ పాడవుతోంది, ఇంకా కొన్ని నెలలు లాగుతుంది, ఈలోపు మార్చేయండి అని చెప్పే పని ఒకటుంది. దాన్నే కండిషన్ మానిటరింగ్ అంటారు. అది మాత్రం ఎక్కడో ఏసీ రూములో ల్యాప్‌టాప్ ముందు కూర్చునే వాళ్ళ పని అని మనవాళ్ళు పట్టించుకోరు. నాకు ఇది చూస్తే బాధేస్తుంది. సెన్సార్ సరిగ్గా బిగించాల్సింది, ఆయిల్ శాంపిల్ శుభ్రంగా తీయాల్సింది, పాత గ్రీజు ఏ రంగులో వస్తోందో చూడాల్సింది పైకెక్కే మనిషే. అక్కడ తప్పు జరిగితే కింద ఎంత పెద్ద సాఫ్ట్‌వేర్ పెట్టినా అది తప్పే చెబుతుంది.

అందుకే ఇది పైకెక్కే వాళ్ళ కోసం రాస్తున్నా. తిరుమలలో కాకులకొండ మీద తిరిగే గాలిమరలను చూస్తూ పెరిగి, ఇప్పుడు అలాంటి మెషిన్ లోపలే పని చేస్తున్న మన పిల్లల కోసం.

ముందు కేలెండర్ సంగతి

మన వైపు గాలి ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలి వీచే ఆ నాలుగు నెలల్లోనే ఏడాది కరెంటులో పెద్ద వాటా వచ్చేస్తుంది. ఆషాఢంలో వారం రోజులు మెషిన్ ఆగితే పోయే యూనిట్లకూ, మాఘంలో వారం ఆగితే పోయే యూనిట్లకూ పొంతనే ఉండదు. దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. గేర్‌బాక్స్ కిందికి దించాలంటే 80, 100 మీటర్ల ఎత్తుకు అందే పెద్ద క్రేన్ కావాలి, గాలి గట్టిగా వీస్తుంటే ఆ క్రేన్ బరువు ఎత్తకూడదు. అంటే కరెంటు బాగా వచ్చే నెలల్లోనే పెద్ద రిపేరు కుదరదు. జూలైలో గేర్‌బాక్స్ పోయిందంటే, క్రేన్ దొరికినా సరే, గాలి తగ్గే గంటల కోసం ఆకాశం చూస్తూ కూర్చోవాల్సిందే, ఆ కూర్చున్న ప్రతిరోజూ పక్క మెషిన్లు ఫుల్ లోడ్ మీద తిరుగుతుంటాయి.

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసిన వాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. తోతాపురి లారీలు గేటు ముందు క్యూ కట్టాక పల్పర్ బేరింగ్ మార్చుకుంటాం అంటే ఎవరూ ఒప్పుకోరు, ఆ పని సీజన్ ముందే అయిపోవాలి.

గాలిమరకు మాత్రం ఒక తేడా ఉంది, దాన్ని చాలా సైట్లలో పట్టించుకోరు. మెషిన్ రీడింగ్ నమ్మకంగా రావాలంటే లోడ్ ఉండాలి, లోడ్ కావాలంటే గాలి కావాలి. రిపేరు చేయాలంటే గాలి ఉండకూడదు. జనవరిలో మెల్లగా తిరుగుతున్న మెషిన్ మీద వైబ్రేషన్ తీసి అంతా బాగుందని రాసేస్తే, ఆ రీడింగ్‌కు పెద్దగా విలువ లేదు, ఎందుకంటే గేరు పంటి మీద, బేరింగ్ మీద బరువే పడలేదు. కాబట్టి నేను చెప్పే వరుస ఇది: రీడింగులు ఆషాఢం, శ్రావణం, భాద్రపదాల్లో ఫుల్ లోడ్ మీద తీయండి. దసరా నాటికి ఏ మెషిన్‌కు ఏం కావాలో తేల్చండి. దీపావళి నాటికి స్పేర్ల ఆర్డర్ పోవాలి, కొన్ని బేరింగులు రావడానికి నెలలు పడుతుంది. సంక్రాంతి నుంచి ఉగాది మధ్యలో పని చేసేయండి. కింద చెప్పేవన్నీ ఈ వరుసలో ఎక్కడో ఒకచోట కూర్చుంటాయి.

మెషిన్ వివరాలు రాసుకోవడం

రీడింగ్ తీసే ముందు ఒక నోటుబుక్కు పెట్టండి, మెషిన్‌కు రెండు మూడు పేజీలు వదలండి. గేర్‌బాక్స్ నేమ్‌ప్లేటు, జనరేటర్ నేమ్‌ప్లేటు ఫొటో తీసుకోండి. గేర్ రేషియో, పళ్ళ లెక్క, ఏ చోట ఏ నంబర్ బేరింగ్ ఉంది, ఏ ఆయిల్, ఏ గ్రీజు, చివరిసారి ఎప్పుడు మార్చారు, ఇవన్నీ ఒకచోట ఉండాలి. ముఖ్యంగా బేరింగ్ నంబర్. ఎవరో ఎప్పుడో బేరింగ్ మార్చి వేరే కంపెనీది వేసి ఉంటారు, రికార్డులో మాత్రం పాతదే ఉంటుంది. లోపల బాల్స్ లెక్క మారితే స్పెక్ట్రమ్‌లో, అంటే వణుకును ఫ్రీక్వెన్సీల (సెకనుకు ఎన్నిసార్లు అన్న లెక్క) వారీగా విడగొట్టి చూపే గ్రాఫులో, చూడాల్సిన ఫ్రీక్వెన్సీ కూడా మారిపోతుంది, మీరు లేని చోట వెతుకుతూ ఉన్నదాన్ని వదిలేస్తారు.

గేర్‌బాక్స్ ఉన్న మామూలు మెషిన్ తీసుకుంటే, బ్లేడ్లు నిమిషానికి దాదాపు 15 చుట్లు తిరుగుతాయి. గేర్‌బాక్స్ దాన్ని సుమారు 100 రెట్లు పెంచి జనరేటర్‌ను 1500 దగ్గర తిప్పుతుంది. 15 అంటే ఒక్క చుట్టుకు 4 సెకన్లు. 1500 అంటే సెకనుకు 25 చుట్లు. ఒకే నాసెల్‌లో (టవర్ పైనుండే పెద్ద డబ్బాలో) ఇంత మెల్లగా తిరిగే మెయిన్ బేరింగూ, అంత వేగంగా తిరిగే జనరేటర్ బేరింగూ పక్కపక్కనే ఉంటాయి, రెండింటినీ ఒకే పద్ధతిలో చూస్తే మెల్లగా తిరిగేదాని జబ్బు దొరకదు. గేర్‌బాక్స్ లేని డైరెక్ట్ డ్రైవ్ మెషిన్లు మీ సైట్‌లో ఉంటే గేర్ల గురించి చెప్పేవి వదిలేయండి, మెయిన్ బేరింగ్, పిచ్ (బ్లేడు కోణం తిప్పేది), బ్లేడు, ఎలక్ట్రికల్ వరకు మీకు పనికొస్తాయి.

ఖర్చు లేకుండా దొరికేది టెంపరేచర్

కొత్త సెన్సార్లు కొనక ముందే ప్రతి మెషిన్‌లో స్కాడా, అంటే రీడింగులు దానంతట అదే రికార్డు చేసే కంప్యూటర్ వ్యవస్థ, ఉంది, 10 నిమిషాలకొక సగటు లెక్కన గేర్‌బాక్స్ ఆయిల్, గేర్‌బాక్స్ బేరింగులు, జనరేటర్ రెండు వైపుల బేరింగులు, వైండింగ్, నాసెల్ లోపలి గాలి, అన్ని టెంపరేచర్లూ అందులో పడి ఉంటాయి. చాలా సైట్లలో వాటిని అలారం కొట్టినప్పుడే చూస్తారు. అలారం కొట్టేసరికి ఆలస్యమైపోయి ఉంటుంది, ఎందుకంటే అలారం లిమిట్ మెషిన్‌ను కాలిపోకుండా కాపాడడానికి పెట్టింది, జబ్బు ముందుగా చెప్పడానికి పెట్టింది కాదు.

ఇలా చేయండి. ఒక నెల డేటా ఎక్సెల్‌లోకి దించుకోండి. అడ్డంగా పవర్, నిలువుగా బేరింగ్ టెంపరేచర్‌లోంచి నాసెల్ టెంపరేచర్ తీసేయగా వచ్చిన తేడా పెట్టి చుక్కలు వేయండి. నాసెల్‌ది ఎందుకు తీసేయాలంటే, మన ఎండల్లో మే నెల మధ్యాహ్నం నాసెల్ లోపల ఉండే వేడికీ, డిసెంబర్ తెల్లవారుజామున ఉండే చలికీ చాలా తేడా ఉంటుంది, అది తీయకపోతే ఎండాకాలంలో అన్ని మెషిన్లూ జబ్బుగా కనిపిస్తాయి. ఇప్పుడు అదే చుక్కలు పోయిన ఏడాది అదే నెలకు వేయండి, పక్కనున్న అదే మోడల్ మెషిన్‌కు కూడా వేయండి. మూడూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటే ఫరవాలేదు. మీ మెషిన్ చుక్కలు అదే పవర్ దగ్గర ఏడెనిమిది డిగ్రీలు పైకి లేచి, వారం వారం ఇంకొంచెం లేస్తుంటే, అలారం లిమిట్ ఇంకా ఎంత దూరంలో ఉన్నా సరే, పైకెక్కాల్సిందే.

ఎక్కాక నేరుగా బేరింగ్‌ను అనుమానించకండి. గేర్‌బాక్స్ ఆయిల్ వేడెక్కితే ముందు కూలర్ చూడండి, దుమ్ము, పురుగులు పట్టి మూసుకుపోయి ఉంటుంది, తర్వాత థర్మోస్టాట్ వాల్వ్, ఆ తర్వాత ఆయిల్ లెవెల్. జనరేటర్ బేరింగ్ వేడెక్కితే ఈ మధ్య గ్రీజు ఎవరు కొట్టారు, ఎంత కొట్టారు అని అడగండి. కొత్త గ్రీజు వేశాక కొన్ని గంటలు టెంపరేచర్ పెరిగి మళ్ళీ దిగడం మామూలే. దిగకుండా అలాగే ఉంటే ఎక్కువ కొట్టి ఉంటారు, లేదా పాత గ్రీజు బయటికి పోయే దారి మూసుకుపోయి ఉంటుంది. గ్రీజు ఎక్కువైతే మంచిదే అనుకునే అలవాటు మన సైట్లలో చాలా ఉంది, బేరింగ్‌కు అది చేటు.

వైబ్రేషన్: బిగించడంలోనే సగం పని

ఒక మాట ముందే చెప్పేస్తా. సెన్సార్ బిగించేది మెషిన్ ఆపి, రోటర్ లాక్ వేసి, పవర్ వైపు లాకౌట్ ట్యాగౌట్ (ఎవరూ కరెంటు వేయకుండా తాళం, చీటీ) చేశాకే. తర్వాత కేబుల్ రికార్డర్‌కు కలిపి, లేదా వైర్‌లెస్ సెన్సార్ పెట్టి, మీరు కిందికి దిగాకే మెషిన్ స్టార్ట్ చేయించండి. తిరుగుతున్న షాఫ్ట్ పక్కన నిలబడి చేత్తో సెన్సార్ ఆనించి రీడింగ్ తీయమని ఎవరు చెప్పినా తీయకండి. ఉరుముల మేఘం కనిపిస్తే పని ఎక్కడున్నా వదిలేసి దిగండి, గాలి వేగం మీ మెషిన్ మాన్యువల్‌లో రాసిన హద్దు దాటితే ఎక్కకండి.

ఇక బిగించే పద్ధతి. సెన్సార్ బేరింగ్ హౌసింగ్ మీద, గట్టి ఇనుము మీద కూర్చోవాలి. రేకు కవర్ మీద, ఫ్యాన్ మూత మీద పెడితే ఆ రేకు మోతే రికార్డవుతుంది. ఆ జాగాలో పెయింట్ గీకి, గుడ్డతో తుడిచి, వేలితో తడిమి చూడండి, ఎగుడుదిగుడు తెలియకూడదు. మ్యాగ్నెట్ వాడుతుంటే కింద పల్చగా గ్రీజు రాసి, ఒక అంచు ఆనించి మెల్లగా పక్కకు దొర్లించి కూర్చోబెట్టండి, టప్‌మని వదిలితే ఆ దెబ్బకే సెన్సార్ పాడయ్యే ప్రమాదం ఉంది. కూర్చున్నాక చేత్తో ఊపి చూడండి, కొంచెం కూడా ఊగకూడదు. కేబుల్ గాలిలో వేలాడితే అది కొట్టుకునే చప్పుడు కూడా రీడింగ్‌లో పడుతుంది, టేపు వేసి కట్టేయండి. అన్నిటికంటే మంచిది ఆ చోట స్టడ్ అంటించి వదిలేయడం, దాని చుట్టూ పెయింట్‌తో గుండ్రం గీసి పాయింట్ నంబర్ రాయడం. వచ్చే ఏడు ఇంకొకరు ఎక్కినా అదే చోట, అదే దిక్కులో తీయాలి. రెండు వేళ్ళ దూరం జరిగినా రీడింగ్ మారుతుంది, అప్పుడు మారింది మెషినా, జాగానా అని తేల్చలేం.

ఎక్కడెక్కడ అంటే, మెయిన్ బేరింగ్, గేర్‌బాక్స్ ప్లానెటరీ రింగ్ (మధ్య గేరు చుట్టూ చిన్న గేర్లు తిరిగే చోటి బయటి రింగ్), మధ్య షాఫ్ట్, హైస్పీడ్ షాఫ్ట్, జనరేటర్ డ్రైవ్ ఎండ్ (గేర్‌బాక్స్ వైపు కొస), నాన్ డ్రైవ్ ఎండ్ (అవతలి కొస). మెయిన్ బేరింగ్, హైస్పీడ్ షాఫ్ట్ దగ్గర నిలువు దిక్కుతో పాటు షాఫ్ట్ పొడవు దిక్కులో కూడా తీయండి. మెయిన్ బేరింగ్‌కు మామూలు సెన్సార్ చాలదు, తక్కువ ఫ్రీక్వెన్సీ పట్టేది కావాలి, రికార్డింగ్ కూడా పొడుగ్గా ఉండాలి. నిమిషం పాటు తీస్తే అక్కడ జరిగేది 15 చుట్లే కదా, రెండు మూడు సెకన్ల రికార్డింగ్‌లో ఒక్క చుట్టు కూడా పూర్తిగా ఉండదు.

స్పీడ్ మారే మెషిన్లతో ఇంకో తలనొప్పి. రికార్డింగ్ జరుగుతుండగా గాలి మారి జనరేటర్ 1500 నుంచి 1350కి దిగితే స్పెక్ట్రమ్‌లో సన్నగా నిలబడాల్సిన గీత చెదిరి గుట్టలా పడుతుంది. స్పీడ్ పల్స్ కూడా కలిపి రికార్డ్ చేస్తే ఆర్డర్ ట్రాకింగ్‌తో, అంటే స్పీడ్‌ను బట్టి లెక్క సర్దే పద్ధతితో, సరిచేయొచ్చు. ఆ వసతి లేకపోతే ఒక స్పీడ్ బ్యాండ్, ఒక పవర్ బ్యాండ్ పెట్టుకోండి, ఉదాహరణకు 1480 నుంచి 1520 మధ్య, రేటెడ్ పవర్‌లో 70 శాతం పైన, దానిలో పడిన రికార్డింగులనే ఒకదానితో ఒకటి పోల్చండి. మిగతావి ఎంత బాగా కనిపించినా పక్కన పెట్టండి.

ఇప్పుడు స్పెక్ట్రమ్ చదవడం. జనరేటర్ డ్రైవ్ ఎండ్ బేరింగ్‌లో 9 బాల్స్ ఉన్నాయనుకుందాం, స్పీడ్ 1500, అంటే 25 హెర్ట్జ్. కాటలాగ్ చేతిలో లేకపోతే ఒక మోటు లెక్క ఉంది. బాల్స్ లెక్కను స్పీడ్‌తో, 0.4తో గుణిస్తే బయటి రింగ్ ఫ్రీక్వెన్సీ, 0.6తో గుణిస్తే లోపలి రింగ్ ఫ్రీక్వెన్సీ సుమారుగా వస్తాయి. ఇక్కడ బయటిది 90, లోపలిది 135. ఎన్వలప్ స్పెక్ట్రమ్‌లో (చిన్న చిన్న దెబ్బల మోతను విడదీసి చూపే స్పెక్ట్రమ్) 135 దగ్గర ఒక గీత, 270 దగ్గర ఇంకొకటి, 405 దగ్గర మరొకటి కనిపించి, 135కు అటూ ఇటూ 25 దూరంలో, అంటే 110 దగ్గరా 160 దగ్గరా చిన్న గీతలు నిలబడ్డాయంటే లోపలి రింగ్ మీద దెబ్బ ఉంది. ఆ పక్క గీతలు ఎందుకంటే, లోపలి రింగ్ షాఫ్ట్‌తో పాటు తిరుగుతుంది, దాని మీది గుంట ప్రతి చుట్టుకూ బరువు పడే వైపుకు ఒకసారి వచ్చి పోతుంది, వచ్చినప్పుడు దెబ్బ గట్టిగా, పోయినప్పుడు మెత్తగా. బయటి రింగ్ కదలదు కాబట్టి 90 దగ్గరి గీతకు ఇలాంటి తోడు గీతలు మామూలుగా ఉండవు.

ఇంకో గుర్తు పెట్టుకోండి. 90ని 25తో భాగిస్తే 3.6, 135ని భాగిస్తే 5.4. బేరింగ్ ఫ్రీక్వెన్సీ ఇలా తెగని లెక్కలోనే పడుతుంది. సరిగ్గా 25, 50, 75 దగ్గర పెరిగితే అది బ్యాలెన్స్, అలైన్‌మెంట్, లూజు బోల్టుల వైపు చూడమని. 100 దగ్గర గీత లేస్తే కరెంటు వైపు అనుమానం, మన గ్రిడ్ 50 హెర్ట్జ్ కదా, దానికి రెండింతలు. అయితే 1500 స్పీడ్ దగ్గర షాఫ్ట్ నాలుగో రెట్టు కూడా 100 దగ్గరే పడుతుంది. అది కరెంటుదా కాదా తేల్చుకోవాలంటే జనరేటర్ గ్రిడ్ నుంచి విడిపోయిన క్షణంలో చూడండి, ఠక్కున మాయమైతే కరెంటుదే.

గేర్లకు లెక్క ఇంకా సులువు. పళ్ళ లెక్కను ఆ షాఫ్ట్ స్పీడ్‌తో గుణించడమే. 25 పళ్ళ పినియన్ (చిన్న గేరు) 25 హెర్ట్జ్‌తో తిరిగితే 625. ఆ 625 గీత లోడ్‌ను బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది, ఒక్కసారి ఎక్కువ కనిపించిందని కంగారు పడొద్దు. దాని పక్కన పుట్టే గీతల దూరం కొలవండి. 25 దూరంలో ఉంటే పినియన్ మీద జబ్బు. దానితో కలిసే పెద్ద గేరుకు 100 పళ్ళుంటే అది 6.25తో తిరుగుతుంది, 6.25 దూరంలో గీతలుంటే జబ్బు పెద్ద గేరుది.

చివరి దశ గురించి తప్పక చెప్పాలి. బేరింగ్ బాగా పాడయ్యాక గుంట అంచులు అరిగి నున్నబడతాయి, అప్పుడు ఆ స్పష్టమైన గీతలు తగ్గిపోయి, స్పెక్ట్రమ్ కింది మట్టం మొత్తం పైకి లేస్తుంది. పోయిన నెల కంటే గీత తగ్గింది, బాగయింది అని రాసిన రిపోర్టులు నేను చూశాను. బేరింగ్ తనంతట తాను బాగుపడదు. గీత తగ్గి, మట్టం లేచి, టెంపరేచర్ కూడా ఎక్కుతుంటే మెషిన్ ఆపించండి.

హద్దులు ఎంత అని అందరూ అడుగుతారు. గేర్‌బాక్స్ ఉన్న గాలిమరల కోసం 2015లో వచ్చిన ఐఎస్ఓ 10816-21 స్టాండర్డ్ నాసెల్, టవర్, మెయిన్ బేరింగ్, గేర్‌బాక్స్, జనరేటర్‌లకు విడివిడిగా హద్దులు చెబుతుంది, దాని తాజా కూర్పు దగ్గర పెట్టుకోండి. అయినా నా సలహా, ఆ హద్దు కంటే మీ మెషిన్ పాత రీడింగ్‌కే ఎక్కువ విలువ ఇవ్వండి. హద్దులోపలే ఉండి పోయిన ఏడు కంటే మూడింతలైన మెషిన్, మొదటి రోజు నుంచీ హద్దు దగ్గరే ఉండి కదలని మెషిన్ కంటే ప్రమాదం.

ఆయిల్, గ్రీజు

ప్లానెటరీ గేర్లు, మెయిన్ బేరింగ్ లాంటి మెల్లగా తిరిగే వాటి జబ్బు వైబ్రేషన్‌లో ఆలస్యంగా కనిపిస్తుంది, ఆయిల్‌లో, గ్రీజులో ముందు కనిపించే అవకాశం ఎక్కువ. అందుకే శాంపిల్ తీయడం చిన్న పని అనుకోవద్దు.

మెషిన్ ఆపిన కాసేపటికే, ఆయిల్ ఇంకా వెచ్చగా ఉండగానే తీయాలి. చల్లబడ్డాక తీస్తే ఇనుప రజను అడుక్కి దిగిపోతుంది, ల్యాబ్ వాళ్ళకు మీరు పంపేది పైన తేలిన మంచి ఆయిల్. డ్రెయిన్ ప్లగ్ విప్పి తీసినా తప్పే, అక్కడ ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డి వస్తుంది. ఫిల్టర్‌కు ముందున్న శాంప్లింగ్ వాల్వ్ దగ్గర తీయండి. వాల్వ్ మూతి తుడిచి, మొదట వచ్చే ఆయిల్‌ను వేరే డబ్బాలోకి వదిలేసి, ఆ తర్వాత వాల్వ్ మళ్ళీ ముట్టకుండా, ధార అలాగే పడుతుండగా సీసా మూత తీసి పట్టండి. సీసా ముందే తెరిచి నాసెల్‌లో పెడితే అక్కడి దుమ్మంతా అందులో పడి రిపోర్టులో సిలికాన్‌గా వస్తుంది, మీరేమో బ్రీదర్ (గేర్‌బాక్స్ గాలి పీల్చే ఫిల్టర్) పోయిందని వెతుకుతారు. ముప్పావు సీసా చాలు. మెషిన్ నంబర్, తేదీ, ఆయిల్ పోసి ఎన్ని గంటలైంది, మధ్యలో టాపప్ చేశారా అన్నవి అక్కడికక్కడే లేబుల్ మీద రాయండి. మొన్ననే టాపప్ చేసిన ఆయిల్‌లో ఇనుము తగ్గినట్టు కనిపిస్తుంది, ఆ సంగతి రాయకపోతే తర్వాత చూసేవాళ్ళు మోసపోతారు.

రిపోర్టు వచ్చాక ఇనుము, రాగి, సిలికాన్, నీళ్ళు, విస్కాసిటీ (ఆయిల్ చిక్కదనం) చూడండి. రాగి పెరిగితే ఇత్తడి, కంచు కేజ్ (బాల్స్‌ను పట్టి ఉంచే చట్రం) ఉన్న బేరింగులను అనుమానించండి. గేర్‌బాక్సుల్లో ఎక్కువగా వాడేది 320 గ్రేడ్, విస్కాసిటీ దాన్నుంచి పది శాతం అటూ ఇటూ దాటితే ఆలోచించాలి. శుభ్రత కోసం ఐఎస్ఓ 4406 కోడ్ ఇస్తారు, మూడు అంకెలుంటాయి. వాటిలో ఏ అంకె ఒకటి పెరిగినా ఆ సైజు రజను రెండింతలైనట్టు లెక్క. 16 నుంచి 18కి పోతే కొంచెమే కదా అనిపిస్తుంది, నిజానికి నాలుగింతలైంది.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. ల్యాబ్ ఇచ్చే ఇనుము పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని) అంకె చాలా సన్నటి రజనునే లెక్కబెడుతుంది. బేరింగ్ పొర లేచి వచ్చే పెద్ద పెచ్చులు ఆ పరీక్షలో సరిగ్గా తెలియవు. పీపీఎం బాగుంది, లోపల మాత్రం పెచ్చులు రాలుతున్నాయి, ఇలా జరగొచ్చు. అందుకే తీసేసిన పాత ఫిల్టర్‌ను చెత్తలో పడేయకండి. కోసి, కాగితం మడతలు విప్పి, ఎండలో పట్టి చూడండి. మ్యాగ్నెటిక్ ప్లగ్ ఉంటే దాన్ని కూడా. నల్లటి మెత్తటి పేస్టు అయితే మామూలు అరుగుదల. మెరిసే పలక ముక్కలు, ఒకవైపు నున్నగా, ఇంకోవైపు గరుకుగా ఉన్నవి దొరికితే ఎక్కడో పొర లేస్తోంది, బోరోస్కోప్ (సన్నటి గొట్టం కెమెరా) వేసి పళ్ళు, రోలర్లు చూడాల్సిందే.

మెయిన్ బేరింగ్ గ్రీజుకు ఇంకా సులువైన పద్ధతి ఉంది, ఏ ల్యాబూ అక్కర్లేదు. సీల్ దగ్గర బయటికి వచ్చిన పాత గ్రీజు బఠాణీ గింజంత తీసి తెల్ల కాగితం మీద పల్చగా పులమండి. చేతికి గ్లౌజు ఉండాలి, ఇనుప ముల్లు గుచ్చుకుంటే ఇబ్బంది. ఇప్పుడు కాగితం కింద నుంచి ఒక మ్యాగ్నెట్ మెల్లగా జరపండి. ఏమీ కదలకపోతే సరే. గ్రీజులో సన్న నలుసులు నిక్కపొడుచుకుని మ్యాగ్నెట్ వెంట పాకుతుంటే అది ఇనుము. ఫొటో తీసి, తేదీ వేసి, అదే కాగితాన్ని కవర్‌లో పెట్టి నోటుబుక్కులో ఉంచండి. తర్వాతి సర్వీసులో ఇంకో కాగితం పులిమి పక్కన పెట్టి చూస్తే పెరుగుతోందో లేదో ఎవరికైనా తెలుస్తుంది.

జనరేటర్ బేరింగ్ గ్రీజు బూడిద నలుపుగా మారి, మాడినట్టు ఉంటే కరెంటు బేరింగ్ గుండా పోతోందేమో చూడండి. కన్వర్టర్ (కరెంటు ఫ్రీక్వెన్సీ మార్చేది) ఉన్న మెషిన్లలో ఇది మామూలు బాధ. అలా పోయిన బేరింగ్ విప్పితే రింగ్ లోపల అడ్డంగా వరుస గీతలు పడి ఉంటాయి. బేరింగ్ మార్చినా షాఫ్ట్ ఎర్తింగ్ బ్రష్ మార్చకపోతే కొత్త బేరింగూ అదే దారిన పోతుంది, కాబట్టి బ్రష్ పొడవు, అది షాఫ్ట్‌కు సరిగ్గా ఆనుతోందా అన్నది ప్రతి సర్వీసులో చూసి రాయండి.

కంటితో, చెవితో చూసేవి

బ్లేడు ముందు అంచు ఇసుక గాలికి, వానకు అరుగుతుంది. డ్రోన్ ఉంటే మంచిది, లేకపోతే మెషిన్ ఆపించి జూమ్ కెమెరాతో కింద నుంచే మూడు బ్లేడ్లూ తీయండి. తిరుగుతుండగా టవర్‌కు దూరంగా నిలబడి వింటే మూడు బ్లేడ్ల చప్పుడూ ఒకేలా ఉండాలి, ఒక్కదాని దగ్గరే ఈల వేసినట్టు వస్తే ఆ బ్లేడు అంచు, డ్రెయిన్ రంధ్రం, పిడుగు పడిన గుర్తు చూడండి. నాసెల్ చుట్టుకోసారి పక్కకు ఊగుతుంటే బ్లేడ్ల బరువులో తేడా, ముందుకూ వెనక్కూ ఊగుతుంటే పిచ్ కోణంలో తేడా అయి ఉండొచ్చు. పవర్ కర్వ్ (ఏ గాలికి ఎంత కరెంటు వస్తోందో చూపే గ్రాఫు) కూడా చూడండి, గాలి వేగాన్ని సెకనుకు అర మీటర్ చొప్పున విడగొట్టి, పక్క మెషిన్‌తో పోల్చి. ప్యానెళ్ళకు థర్మల్ కెమెరా లోడ్ ఉన్నప్పుడే పెట్టాలి, లోడ్ లేనప్పుడు లూజు కనెక్షన్ కూడా చల్లగానే ఉంటుంది. బోల్టులకు టార్క్ చేశాక నట్టు మీదుగా పెయింట్ గీత గీయండి, వచ్చేసారి గీత తెగి ఉంటే నట్టు జరిగినట్టు.

రిపోర్ట్ రాసేటప్పుడు

ఇంత చేసి చివర్లో "వైబ్రేషన్ ఎక్కువగా ఉంది, గమనించగలరు" అని ఒక లైను రాస్తే ఎవరూ గమనించరు. సైట్ ఇన్‌ఛార్జ్ అడిగే మొదటి మాట మీకు తెలుసు: "తిరుగుతోంది కదా, ఇప్పుడెందుకు ఆపాలి?" ఆయన అడగడంలో తప్పు లేదు, ఆయన మీద జనరేషన్ టార్గెట్ ఉంది. దానికి జవాబు రిపోర్టులోనే ఉండాలి. ఇలా రాయండి: "ఈ మెషిన్ జనరేటర్ డ్రైవ్ ఎండ్ బేరింగ్ లోపలి రింగ్ మీద దెబ్బ ఉంది. జూలైలో ఎన్వలప్‌లో మొదటిసారి కనిపించింది, సెప్టెంబర్‌కు మామూలు స్పెక్ట్రమ్‌లో కూడా వచ్చింది. టెంపరేచర్ పక్క మెషిన్ కంటే అదే పవర్ దగ్గర ఎక్కువ. ఇప్పుడే ఆపక్కర్లేదు. పదిహేను రోజులకోసారి రీడింగ్ తీస్తాం. బేరింగ్ ఆర్డర్ పెట్టండి, జనవరిలో పైనే మార్చేయొచ్చు, క్రేన్ అక్కర్లేదు. మార్చకుండా గాలి కాలంలోకి పోతే షాఫ్ట్, రోటర్ దెబ్బతిని జనరేటరే దించాల్సి రావచ్చు." ఎక్కడ, ఏమిటి, ఎంత తొందర, ఏం చేయాలి, చేయకపోతే ఏమవుతుంది అన్నవన్నీ అందులో ఉన్నాయి. ఆపక్కర్లేనప్పుడు ఆపక్కర్లేదని రాయడం చాలా ముఖ్యం. అన్నిటికీ ఆపండి ఆపండి అని రాసేవాడి మాట, నిజంగా ఆపాల్సిన రోజున ఎవరూ వినరు.

నేర్చుకోవడానికి విండ్ సైట్‌కే పోవాలని లేదు. రేణిగుంట, గాజులమండ్యం ఇండస్ట్రియల్ ఎస్టేట్లలో, చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీల్లో, రైసు మిల్లుల్లో 1440 స్పీడ్ మోటార్లు కావలసినన్ని ఉన్నాయి, అంటే 24 హెర్ట్జ్, పైన చెప్పిన లెక్కలన్నీ వాటి మీద చేసి చూడొచ్చు. తెలిసిన వాళ్ళుంటే "అన్నా, ఈ బేరింగ్ మార్చేటప్పుడు ఒక మాట చెప్పు" అని అడిగి పెట్టుకోండి, ముందు రీడింగ్ తీసుకోండి. వైబ్రేషన్ అనలిస్టులకు ఐఎస్ఓ 18436-2 ప్రకారం నాలుగు కేటగిరీల సర్టిఫికెట్లున్నాయి, మొదటి కేటగిరీ డిప్లొమా పిల్లలకు అందేదే. చెన్నై పళ్ళికరణైలోని జాతీయ పవన శక్తి సంస్థ గాలిమరల మీద శిక్షణ కోర్సులు పెడుతుంటుంది, తిరుపతి నుంచి ఎంత దూరమని, వాళ్ళ ప్రకటనలు చూస్తూ ఉండండి.

బేరింగ్ మార్చాక చేయాల్సినవి

కొత్త బేరింగ్ పడింది, మెషిన్ స్టార్టయింది, అందరూ దిగి వెళ్ళిపోతారు. మీరు మాత్రం పాత బేరింగ్ అడిగి తీసుకోండి. స్క్రాప్ డబ్బాలోకి పోకముందే రింగ్ కోయించి, కిరోసిన్‌తో కడిగి, గుంట ఎక్కడుందో చూడండి. మీరు లోపలి రింగ్ అని రాశారు, నిజంగా లోపలి రింగ్ మీదే ఉందా? ఎంత వెడల్పు, ఎంత లోతు? స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి, చివరి స్పెక్ట్రమ్ ప్రింటుతో కలిపి నోటుబుక్కులో అంటించండి. తర్వాతి మెషిన్‌లో అలాంటి స్పెక్ట్రమ్ కనిపించినప్పుడు లోపల గుంట ఏ పాటిదో అంచనా వేయడానికి ఆ పేజీనే ఆధారం.

కొత్త బేరింగ్ నంబర్, కంపెనీ, బాల్స్ లెక్క రికార్డులో మార్చండి. కొన్ని రోజులు తిరిగి గ్రీజు సర్దుకున్నాక, మళ్ళీ అదే స్పీడ్ బ్యాండ్‌లో, అదే పవర్ బ్యాండ్‌లో, అదే పెయింట్ గుండ్రంలో సెన్సార్ పెట్టి కొత్త బేస్‌లైన్ (ఇకమీదట పోల్చుకునే మొదటి రీడింగ్) తీయండి. సంక్రాంతి తర్వాత పని జరిగితే అప్పటి గాలికి ఆ పవర్ బ్యాండ్ అందకపోవచ్చు. అలాంటప్పుడు దొరికిన లోడ్ మీద ఒకటి తీసి, ఎంత లోడో పక్కన రాసి పెట్టుకోండి, జూన్‌లో మొదటి గట్టి గాలి వచ్చిన వారంలో అసలు బేస్‌లైన్ తీసి, పాత బేరింగ్ కోసం పెట్టిన అలారం లిమిట్లను కొత్త రీడింగ్‌ను బట్టి మార్పించండి.